ఐర్లండ్ రాగంలో మూడో లైను

7 ఫిబ్రవరి 1971, ఆదివారం
జంగ్లీఘాట్

ఆరాధనలో దయావతి మూడో లైను దగ్గర దగ్గింది. తర్వాతి పాటకి సర్దుకుంది. ఇంటికి వచ్చాక మిరియాల కషాయం కాచుకుంది. నెల నుంచి జలుబు వదలడం లేదు. పోర్ట్‌బ్లెయిర్‌లో సగం మందికి అదే ఉంది.

దగ్గిన పాట ఐర్లండ్ రాగం. మా చర్చిలో అందరూ దాన్ని ఆ పేరుతోనే అడుగుతారు. పాలకొండ బోర్డింగు స్కూల్లో నోరా దొరసాని దయావతికి నేర్పింది. దొరసానిది ఐర్లండులో ఏదో చేపల రేవు. అక్కడి ముసలివాళ్లు ఫిడేలు మీద వాయించే రాగాలు మూడు తెచ్చి, ఒక ఉపదేశి చేత వాటికి తెలుగు మాటలు కట్టించింది. రెండు పోయాయి. ఇది మా పెళ్లయ్యాక మాతో పాటు ఓడెక్కి ఇక్కడికి వచ్చింది. దీనికి షరతు ఒకటే. మూడో లైను ఒక్క ఊపిరిలో పాడాలి. మధ్యలో ఆగితే దొరసాని బెత్తంతో బల్ల మీద కొట్టేదట.

'నీ అడుగు పడిన చోట నీళ్లే నేలై నిలిచెను గదా ప్రభువా.'

రాస్తే చిన్న లైనే. ఆ రాగంలో సాగదీస్తే కొత్తవాళ్లకి సగం దగ్గరే ఊపిరి అయిపోతుంది. దయావతికి ఇరవయ్యేళ్లుగా ఎప్పుడూ అయిపోలేదు.

14 ఫిబ్రవరి

దగ్గు తగ్గింది.

2 మార్చి

దగ్గు తగ్గింది. గొంతు బొంగురుగా ఉంది.

12 మార్చి

ఎన్నికల ఫలితాలతో వారమంతా ఆఫీసులో రేడియో ముందే గడిచింది. మా పేపరుకి ఢిల్లీ వార్త అంటే రేడియోలో విని రాసుకున్నదే. ఈ రోజు పెందలాడే ఇంటికి వచ్చాను. వరండాలో పాటల ప్రాక్టీసు జరుగుతోంది.

క్వాయిర్‌లో ఉన్నవాళ్లంతా ఇక్కడ పుట్టినవాళ్లు. చదువు హిందీలో. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. పాటల పుస్తకం వాళ్ల చేతికిస్తే తిరగేసి బొమ్మలున్నాయేమో చూస్తారు. అందుకని దయావతి ఒక లైను పాడుతుంది, వాళ్లు అందుకుంటారు. కొందరు తెలుగు మాటల్ని హిందీ అక్షరాల్లో రాసుకుంటారు. రాగం ఎలాగూ రాయడానికి రాదు. వాళ్లకి పుస్తకం దయావతి నోరు.

డాక్‌యార్డులో పని చేసే యిర్మియా ఈ మధ్య గిటారు కొన్నాడు. క్రిస్మస్ ముందు జరిగే క్యారల్స్ సభ గురించి మార్చిలోనే మొదలుపెట్టాడు. ఆ సభలో నికోబారీలు, బర్మా నుంచి వచ్చిన కరెన్లు, రాంచీవాళ్లు, తమిళులు, మలయాళీలు, మేము, తలా ఒక పాట పాడతాం. మా వంతు ఎప్పుడూ ఐర్లండ్ రాగమే.

"టీచరమ్మా, ఈసారి హిందీ గానా పెట్టేద్దాం. తెలుగులో పాడితే మన అయ్యలే ఇంటారు. బాకీ లోగ్ సమోసాలు తింటారు."

"నికోబారు వాళ్లు పాడినప్పుడు నీకు ఒక్క ముక్క అర్థమైందా?"

"లేదు."

"మరి కళ్లు ఎందుకు తుడుచుకున్నావు?"

"వాళ్లు అచ్ఛా గాతే హై కదా."

"నువ్వూ అచ్ఛాగా పాడు. భాష సంగతి తర్వాత చూద్దాం."

మేరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. పద్దెనిమిదేళ్ల పిల్ల, పోస్టాఫీసులో కొత్తగా చేరింది. ఏది వింటే అది అచ్చు గుద్దినట్టు పాడుతుంది. దయావతి తర్వాత ముందు నిలబడి పాడేది ఆ పిల్లేనని అందరికీ తెలుసు. తర్వాత అంటే ఎప్పుడో అని అందరి ఉద్దేశం.

20 ఏప్రిల్

ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరు గొంతులో చిన్న అద్దం పెట్టి చూశాడు. మద్రాసులో చూపించుకోమన్నాడు. ఆలస్యం చెయ్యొద్దన్నాడు. డాక్టర్లు అందరికీ అదే చెబుతారు. మే నెలలో మాయాబందర్‌లో కన్వెన్షన్ ఉంది. అది అయ్యాక చూద్దామని ఇద్దరం అనుకున్నాం.

21 ఏప్రిల్

నిన్న ఇద్దరం అని రాశాను. ఆమె ఏమీ అనలేదు.

16 మే
మాయాబందర్

బోటులో రోజంతా పట్టింది. యిర్మియా వాంతులు చేసుకుంటూ మధ్యమధ్యలో గిటారు తడిసిందేమోనని చూసుకున్నాడు. మేరి అతని తల పట్టుకుని, "గిటారు నీకన్నా తందురుస్త్‌గా ఉంది, పడుకో" అంది.

సాయంత్రం కరెన్ల చర్చిలో పాటలు. వాళ్లు నాలుగు గొంతులుగా విడిపోయి పాడతారు. కాగితం ఉండదు, ఎవరూ చెయ్యి ఊపరు. ముసలివాళ్లు కళ్లు మూసుకుంటారు. ఒకరు తప్పిపోతే పక్కవాళ్లు భుజంతో తడతారు. మా వాళ్లు నోరు తెరుచుకుని చూశారు.

తర్వాత మా వంతు. దయావతి ఎత్తుకుంది. మొదటి రెండు లైన్లు బాగానే వచ్చాయి. మూడో లైనులో 'చోట' తర్వాత ఊపిరి తీసుకుంది.

అంతే. ఎవరూ గమనించలేదు. ప్రయాణపు అలసట.

పాట అయ్యాక ఒక కరెన్ ముసలామె వచ్చి దయావతి చెయ్యి పట్టుకుంది. భాష తెలియదు. తన గొంతు మీద వేలు పెట్టి చూపించి, తల అడ్డంగా ఊపింది. దయావతి ఆమెకి నమస్కారం పెట్టింది.

18 మే

తిరుగు ప్రయాణంలో దయావతి మాట్లాడలేదు. గొంతుకి విశ్రాంతి మంచిదే.

27 జూన్

వానలు. ఓడ రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. కూరగాయలు లేవు. గొంతు అలాగే ఉంది.

19 జూలై

మద్రాసు నుంచి వచ్చిన సర్జన్ ఆసుపత్రిలో రెండు రోజులు ఉంటాడని నేనే వార్త రాశాను. ఈ రోజు తీసుకెళ్లాను. చాలాసేపు చూశాడు. జబ్బు పేరు చెప్పాడు. ఇక్కడ రాయను.

ఆపరేషన్ చెయ్యాలి. గొంతులో ఆ భాగం మొత్తం తీసేస్తారు. ఇప్పుడు చేస్తే బతుకుతుందని చెప్పాడు. బతకొచ్చు అనలేదు. బతుకుతుంది అన్నాడు.

దయావతి ఒకే ప్రశ్న అడిగింది. తర్వాత పాడగలనా అని.

"మాటే ఉండదమ్మా," అన్నాడు.

రోడ్డు మీదికి వచ్చాక గొడుగు తెరవడం ఇద్దరం మరిచిపోయాం.

23 జూలై

సెప్టెంబరు ఓడకి రెండు బెర్తులు తీసుకున్నాను.

8 ఆగస్టు

ఆరాధన తర్వాత దయావతి, ఓడ సంగతి మాట్లాడాలి అంది. పిల్లల నోట్లో పెట్టాల్సిన పాటలు ఇంకా చాలా ఉన్నాయట. సెప్టెంబరులోగా కుదరదట. క్రిస్మస్ అయిపోగానే 28వ తేదీ ఓడకి వెళ్దామంది.

"ఆలస్యం చెయ్యొద్దన్నాడు కదా."

"నాలుగు నెలలు. ఆరు నెలల బట్టి ఇదే గొంతు. ఏమైంది?"

"ఏమీ కాలేదా?"

"ఏమైనా అయితే నాకే కదండీ. ఆ రాగం నా తర్వాత ఎవరికీ రాదు. దొరసాని కూడా పోయింది. మీరు పేపరులో వేస్తే అచ్చులో రాగం ఉంటుందా?"

ఉండదన్నాను. సరే అన్నాను. తర్వాత వెళ్లి బెర్తులు డిసెంబరుకి మార్పించాను. గుమాస్తా కారణం అడగలేదు. ఏదో ఒకటి చెప్పాలని దారంతా అనుకుంటూ వెళ్లాను.

రాత్రి వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ ఆమె కూనిరాగం తీసింది. బొంగురుగా ఉంది. అయినా అదే గొంతు. నేను సరే అన్నది ఆమె కోసమే కాదు. ఇంకో నాలుగు నెలలు ఆ గొంతు ఇంట్లో ఉంటుందని కూడా.

10 ఆగస్టు

చేపల గంప దించుతూ అసిరమ్మ అడిగింది, ఓడెప్పుడని. ఇరవయ్యేళ్లుగా ఆమె మా ఇంటికి చేపలు తెస్తోంది. ఆదివారాలు చర్చి బయట గోడ మీద కూర్చుని పాటలు విని వెళ్తుంది, లోపలికి రాదు. డిసెంబరు అని చెప్పాను. పాటల సంగతీ చెప్పాను. ఆమె చేప తోముతూనే ఉంది.

"పాటలదేటుంది బాబూ. మడిసి బతికుంటే ఒడ్డున కూకోనైనా ఇంటాది. ఓడెక్కించీ."

దయావతి లోపలి నుంచి విని నవ్వింది. నేను కత్తి జాగ్రత్త అని ఏదో అన్నాను.

29 ఆగస్టు

ప్రాక్టీసు ఇప్పుడు వారానికి నాలుగు రోజులు. దయావతి సగం గొంతుతో పాడుతుంది. పిల్లలు దగ్గరికి జరిగి కూర్చుంటారు. ఇదివరకు వీధి మలుపు దగ్గరే వినిపించేది. ఇప్పుడు వరండా మెట్ల దాకా వస్తే తప్ప వినిపించదు.

19 సెప్టెంబరు

మేము ఎక్కాల్సిన ఓడ వెళ్లింది. వార్త రాశాను. ప్రయాణికుల్లో ఇంజనీరు దంపతులు, ఫుట్‌బాల్ జట్టు.

3 అక్టోబరు

బాంబూఫ్లాట్ తెలుగు క్వాయిర్‌కి కూడా నేర్పాలని ఫెర్రీలో అందరూ వెళ్లారు. నేనూ వెళ్లాను. అక్కడ ఇరవై మంది కూడారు. దయావతి మూడుసార్లు పాడింది. 'నిలిచెను' దగ్గర రాగం పైకి వెళ్లాలి. ఆమె కిందనే ఉంచింది. రోజంతా పాడి అలిసింది.

తిరిగి వచ్చేటప్పుడు ఫెర్రీలో యిర్మియా గిటారు మీద ఆ రాగం వాయించాడు. హిందీ గానా మాట ఈ మధ్య ఎత్తడం లేదు. టికెట్లు చూసే అతను ఏ సినిమాలోది అని అడిగాడు. "ఐర్లండ్ పిక్చర్ భయ్యా, ఇంకా రిలీజ్ అవ్వలేదు," అన్నాడు యిర్మియా. దయావతి నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగడానికి టైం పట్టింది.

24 అక్టోబరు

సరిహద్దులో పరిస్థితి ఉద్రిక్తంగా ఉంది. శరణార్థులు వస్తూనే ఉన్నారు. రెండు వైపులా సైన్యాలు కదులుతున్నాయి. ఇవి నేను రోజూ రాసే వాక్యాలు. రాసి, ప్రూఫు చూసి, ఇంటికి వచ్చి, 28 డిసెంబరు టికెట్లు బీరువాలో ఉన్నాయో లేదో చూసుకున్నాను. ఉన్నాయి.

9 నవంబరు

అన్నం మింగలేకపోయింది. గంజి తాగింది.

10 నవంబరు

గంజి.

15 నవంబరు

గంజి. ప్రాక్టీసు జరిగింది.

4 డిసెంబరు

యుద్ధం మొదలైంది. రాత్రి నుంచి ఆఫీసులోనే ఉన్నాను. ఊళ్లో దీపాలు ఆర్పేయాలని ఆర్డరు. కిటికీలకి నల్ల కాగితం కోసం బజారులో జనం.

6 డిసెంబరు

మెయిన్‌ల్యాండుకి ప్రయాణికుల ఓడలు మళ్లీ చెప్పేవరకు నిలిపివేశారు. విమానం కూడా లేదు. ఆ వార్త నేనే రాశాను. రెండు వాక్యాలు వచ్చింది. మూడోది రాయడానికి ఏమీ లేదు.

పేపరు ఇంటికి తీసుకురాకూడదనుకున్నాను. తెచ్చాను. దయావతి చదివి మడిచి పెట్టింది.

"తప్పేమీ లేదు. బాగా రాశారు," అంది.

ఇప్పుడు గుసగుసగానే మాట్లాడుతుంది. అందుకని కోపమో కాదో తెలియలేదు.

11 డిసెంబరు

చీకటి పడకముందే ప్రాక్టీసు ముగించాలి. మేరి ఎత్తుకుంటోంది. దయావతి కుర్చీలో కూర్చుని చేత్తో తాళం వేస్తోంది.

17 డిసెంబరు

యుద్ధం అయిపోయింది. ఆఫీసులో జిలేబీ పంచారు. ఓడలు ఎప్పుడో ఎవరూ చెప్పడం లేదు. మూడు చోట్ల అడిగాను.

19 డిసెంబరు

నేను ఇంటికి వచ్చేసరికి పిల్లలు ఐర్లండ్ రాగం అందుకున్నారు. గేటు దగ్గర ఆగాను. మొదటి లైను. రెండో లైను. మూడో లైనులో 'చోట' దాకా వచ్చి అందరూ ఒకేసారి ఊపిరి తీసుకున్నారు. తర్వాత 'నీళ్లే నేలై'. 'నిలిచెను' దగ్గర పైకి వెళ్లకుండా కిందే ఉండిపోయారు. దానికి ముందు మేరి గొంతులో చిన్న జీర. కావాలని పెట్టినట్టు, సరిగ్గా అక్కడే.

బాగుంది. నిజంగా చాలా బాగుంది. గేటు పట్టుకుని నిలబడ్డాను. ఈ పాట ఇంత మెత్తగా ఎప్పుడూ వినలేదు అనుకున్నాను. అది ఎవరి గొంతో తెలియడానికి కాసేపు పట్టింది.

దయావతి చెయ్యెత్తి ఆపింది. మళ్లీ పాడమంది. 'చోట' దగ్గరికి రాగానే వద్దన్నట్టు చెయ్యి ఊపింది. పిల్లలు ఇంకా నెమ్మదిగా పాడమంటోందనుకున్నారు. నెమ్మదిగా పాడారు. ఊపిరి ఇంకా పొడుగ్గా తీసుకున్నారు. ఆమె నోరు తెరిచి పాడి చూపించబోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు. పిల్లలు తలలు దించుకున్నారు.

వాళ్లు వెళ్లాక అంది:

"నా జబ్బు నేర్చుకున్నారండీ."

నేను, బాగానే ఉంది, ఎవరికీ తేడా తెలియదు అన్నాను.

"మీకు తెలుసు కదా."

23 డిసెంబరు

క్యారల్స్ సభ. మా పిల్లలు నాలుగోవాళ్లు. దయావతి ముందు వరుసలో కూర్చుంది, శాలువా గొంతు దాకా కప్పుకుని. పాట అవుతుండగా సమోసాల బల్ల దగ్గర కూడా ఎవరూ కదల్లేదు. అయ్యాక నికోబారీ పెద్దాయన ఒకాయన లేచి నిలబడ్డాడు, ఆయన వెనక మిగతావాళ్లు. మా పాస్టరు దేవప్రసాద్ గారు, ఇన్నేళ్లలో ఇంత బాగా ఎప్పుడూ రాలేదన్నారు. యిర్మియా ఏడ్చేశాడు. మేరి వచ్చి దయావతి కాళ్ల దగ్గర కూర్చుంది. దయావతి ఆ పిల్ల తల నిమిరింది.

ఇంటి దగ్గర దిగాక నాతో అంది:

"పిల్లల తప్పు కాదు. నేను పాడింది పాడారు. మీరు నేర్చుకోండి. నేర్చుకుని వాళ్లకి సరిగ్గా చెప్పండి."

నేను పెళ్లయ్యాక ఒక్కసారి కూడా పాడలేదు. చర్చిలో పెదవులు కదుపుతాను. అది ఆమెకు తెలుసు.

28 డిసెంబరు

టికెట్లు చెల్లవు. కొత్త తేదీ లేదు.

19 జనవరి 1972

రేపు ఓడ. సామాను కట్టాం. అసిరమ్మ ఎండుచేపలు తెచ్చింది. దయావతికి మింగుడుపడదని ఆమెకు తెలుసు. "అక్కడ ఆస్పత్రోళ్లకి ఇయ్యండి బాబూ, మంచిగా సూస్తారు," అంది. దయావతి చేతులు రెండూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

22 జనవరి
ఓడ మీద

పొద్దున డెక్కు మీద పాఠం. దయావతి నా ఛాతీ మీద అరచెయ్యి పెడుతుంది. రెండో చేతి వేలు పైకెత్తితే రాగం పైకి. దించితే కిందికి. పిడికిలి బిగిస్తే తప్పు. పిడికిలే ఎక్కువసార్లు.

మూడో లైను 'నేలై' దగ్గర నాకు ఊపిరి అయిపోతోంది. ఆమె చెవి దగ్గరికి వచ్చి గుసగుసలాడింది.

"ముందే ఖర్చు పెట్టేస్తున్నారు. జీతం లాగే."

ఊపిరి బిగపట్టి ఎర్రబడ్డ నన్ను చూసి పక్క బల్ల మీది బెంగాలీ పెద్దాయన లేచి వచ్చాడు. "భాయ్‌సాబ్, తబియత్ ఠీక్ హై?" అని అడిగాడు. గానా నేర్చుకుంటున్నానని చెప్పాను. ఆయన దయావతి వైపు జాలిగా చూశాడు. ఆమె శాలువాలో మొహం దాచుకుని నవ్వింది. చప్పుడు లేదు. భుజాలు కదిలాయి.

23 జనవరి

మూడో లైను వచ్చింది. ఒక్క ఊపిరిలో. 'నిలిచెను' దగ్గర పైకి వెళ్లింది కూడా, పగిలినా వెళ్లింది. పిడికిలి బిగించలేదు. మళ్లీ పాడమంది. మళ్లీ వచ్చింది. మాట ఇవ్వమంది. వాళ్లకి నేర్పుతానని మాట ఇచ్చాను.

తీరం కనిపిస్తోంది.

2 ఫిబ్రవరి
మద్రాసు

ఆపరేషన్ చెయ్యరు. జబ్బు మెడలోకి, ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. కరెంటు పెడతారు, రేడియేషన్. సెప్టెంబరులోనే వచ్చి ఉంటే, అని డాక్టరు మొదలుపెట్టాడు. అక్కడితో చాలన్నాను. మిగతా వాక్యం నాకు తెలుసు.

దయావతి ఏం చెప్పాడని అడిగింది. చెప్పాను. ఆమె దగ్గర వార్త మార్చి చెప్పడం నాకు రాదు.

11 ఫిబ్రవరి

వార్డులో పాడమంది. పక్క మంచాలవాళ్లు ఉన్నారన్నాను. పాడమంది. పాడాను.

20 ఫిబ్రవరి

పాడాను. ఆమె చెయ్యి నా ఛాతీ మీద పెట్టుకున్నాను. వేళ్లు కదల్లేదు.

14 మార్చి

తెల్లవారుజామున.

15 మార్చి

కీల్పాక్ సమాధుల తోటలో పెట్టాం. తెలుగు పాస్టరు దొరికాడు. పాడేవాళ్లు లేరు. నేను పాడలేదు.

5 ఏప్రిల్
జంగ్లీఘాట్

తిరిగి వచ్చాను. జెట్టీ దగ్గర యిర్మియా, మేరి, ఇంకో పదిమంది. పెట్టె యిర్మియా తీసుకున్నాడు. రెండో పెట్టె కోసం చూసి, లేదని తెలిసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

9 ఏప్రిల్, ఆదివారం

చర్చికి వెళ్లాను. ఐర్లండ్ రాగం పాడారు. 'చోట' తర్వాత ఊపిరి. నేను తల వంచుకుని కూర్చున్నాను.

ఆరాధన తర్వాత దేవప్రసాద్ గారిని పక్కకి పిలిచి విషయం చెప్పాను. మూడో లైను అలా కాదనీ, దయావతి సరిదిద్దమన్నదనీ చెప్పాను. ఆయన చేతిలో పాటల పుస్తకం మూశారు.

"సత్యవేదం గారూ, బాంబూఫ్లాట్‌లో కూడా అలాగే పాడుతున్నారు. మాయాబందర్ నుంచి వచ్చినవాళ్లు అలాగే నేర్చుకెళ్లారు. ఆమె గుర్తుగా ఉండనివ్వండి. ఎవరికి నష్టం?"

వచ్చే ఆదివారం జ్ఞాపకార్థ కూడిక. అందులో ఆ పాటే.

11 ఏప్రిల్

ప్రాక్టీసు ఇప్పుడు చర్చిలో జరుగుతోంది. వెళ్లలేదు. ఆఫీసు పని.

12 ఏప్రిల్

వెళ్లలేదు. ఆఫీసులో పని లేదు. చర్చి బయట గోడ మీద అసిరమ్మ పక్కన కూర్చుని విన్నాను. వరండా మెట్లకి వస్తే తప్ప వినిపించని గొంతు, ఇప్పుడు రోడ్డు అవతలికి వినిపిస్తోంది. పిల్లలు ఊపిరి తీసుకున్నచోట అసిరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"అమ్మగారే బాబూ. అచ్చం అమ్మగారే," అంది.

అవునన్నాను.

దేవప్రసాద్ గారు అడిగిన దానికి జవాబు వెతికాను. ఎవరికీ నష్టం లేదు. రాగం మారితే ప్రాణం పోదు. ఐర్లండులో ఆ రేవు వాళ్లకి ఇక్కడ మా పాట సంగతే తెలియదు. ఇవన్నీ నిజాలే. ఒక్కటి కూడా కొట్టేయడానికి లేదు.

14 ఏప్రిల్

వెళ్లాను.

ముందు మీరు పాడే విధంగానే ఒకసారి పాడండి అన్నాను. పాడారు. యిర్మియా గిటారు, మేరి ముందు. కళ్లు మూసుకోకుండా విన్నాను. మూడో లైనులో అంతమంది నోటా దయావతి ఊపిరి తీసుకుంది. మేరి గొంతులో జీర పలికింది. 'నిలిచెను' కిందనే ఉంది.

అయ్యాక, అది తప్పు అని చెప్పాను. మూడో లైను ఆపకుండా పాడాలని, 'నిలిచెను' పైకి వెళ్లాలని చెప్పాను.

యిర్మియా కోపంగా చూశాడు. ఎప్పుడూ ఎదురు చెప్పని మేరి చెప్పింది.

"టీచరమ్మ ఇక్కడ ఊపిరి తీసుకునేవారు బాబాయ్. మేము చూశాం కదా. రోజూ అక్కడే తీసుకునేవారు."

"తీసుకునేది. ఆమెకు గొంతులో కేన్సరు. ఊపిరి అందేది కాదు. మీకు అందుతుంది."

ఆ మాట నేను బయటికి అనడం అదే మొదలు. రాయడం కూడా.

మేరి ఏడవడం మొదలుపెట్టింది. ఆపమని చెప్పలేదు. ఆమె పక్కన ఉన్న పిల్ల నీళ్లు తెచ్చి ఇచ్చింది. యిర్మియా గిటారు గోడకి ఆనించి పెట్టి, "సునాయియే," అన్నాడు. నవ్వుతారేమో అనుకున్నాను. నేను పాడాను. గొంతు రెండు చోట్ల పగిలింది. మూడో లైను ఆగకుండా వచ్చింది. ఎవరూ నవ్వలేదు.

మళ్లీ పాడమన్నారు. పాడాను. మూడోసారి యిర్మియా కలిశాడు. తర్వాత ఒక్కొక్కరు. మేరి చివర కలిసింది. రెండుసార్లు అలవాటుకొద్దీ 'చోట' దగ్గర ఆగింది. ఊపిరి ముందే దాచుకోమని చెప్పాను. ఎలా దాచుకోవాలో ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపించాను.

చీకటి పడేవేళకి మూడో లైను అందరికీ వచ్చింది. ఇక మీరు పాడండి అని నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను. మేరి ఎత్తుకుంది. మూడో లైనుకి వచ్చారు. 'నీ అడుగు పడిన చోట.'

అక్కడ ఎవరూ ఆగలేదు.